లోపల తుప్పు, పైన నాన్న చేతిరాత

ఈసారి పాఠకుడి ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. ఊరి పేరు రాయొద్దన్నారు కాబట్టి ముమ్మిడివరం అవతల అని మాత్రం చెప్తాను. రాసినాయనకు ముప్పై ఆరేళ్లు. వాళ్ల నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. 1994లో యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నారు, రిటైరయ్యేదాకా బడికి దాని మీదే వెళ్లారు. ట్యాంకుకి రెండు పక్కలా తెల్ల ఎనామిల్ రంగుతో 'అమ్మ దయ' అని తన చేత్తోనే రాసుకున్నారు. గుండ్రటి అక్షరాలట. 'మ్మ' ఒత్తు చివర చిన్న మెలిక తిప్పేవారట, నల్లబల్ల మీదా అంతేనట.

2018లో ఆయన పోయారు. బండి పశువుల పాకలో ఓ మూల ఆరేళ్లు నిలబడిపోయింది, సగం ట్యాంకు పెట్రోలుతో. పోయినేడు ఈయన దాన్ని బయటికి లాగి, కొత్త పెట్రోలు పోసి, ప్లగ్గు మార్చి కిక్ కొడితే ఐదో కిక్కుకే స్టార్టయింది. నాలుగు రోజులు తిరిగింది. ఐదో రోజు నడిరోడ్డు మీద ఆగిపోయింది. పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్‌ని మెకానిక్ విప్పితే, దాని గిన్నె అడుగున ఎర్రటి పొడి. శుభ్రం చేసిచ్చాడు. మళ్లీ నాలుగు రోజులు, మళ్లీ అదే తంతు. ఇలా మూడుసార్లు. చివరికి ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే, లోపలంతా ఎర్రమట్టి అలికినట్టు ఉంది. ట్యాంకు అడుగున ఉండే పెట్రోలు ట్యాప్ చుట్టూ ఈమధ్య తడి కూడా కనిపిస్తోందట.

మెకానిక్ ట్యాంకు మార్చేయమంటున్నాడు. స్నేహితుడు బాత్‌రూమ్ యాసిడ్ పోసి రాత్రంతా వదిలేయమంటున్నాడు. హైదరాబాద్‌లో ఉంటున్న అన్నయ్య బండిని లారీలో వేసి పంపితే, డబ్బు తనే పెట్టుకుని, షోరూమ్ నుంచి వచ్చినట్టు కొత్త రంగు వేయించి పంపుతానంటున్నాడు. రంగు వేస్తే నాన్న అక్షరాలు పోతాయని తమ్ముడు, బండి పాడయ్యాక అక్షరాలేం చేసుకుంటావని అన్న. మాటా మాటా పెరిగి రెండు నెలలుగా ఫోన్లు లేవు. "తుప్పు వదిలించడానికి సరైన దారి ఏది? అన్నయ్య చెప్పినట్టు పంపేయడమే మంచిదా? నేను అనవసరంగా సెంటిమెంటుకి పోతున్నానా?" ఇదీ ఉత్తరం సారాంశం.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు అనవసరంగా పోవడం లేదు. తుప్పు ట్యాంకు లోపల, అక్షరాలు బయట. లోపలి పని చేయించుకోవడానికి బయటి రంగు గీకనక్కర్లేదు. మీ ఇద్దరి గొడవా ఈ రెండు పనులూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది. అన్నదమ్ముల మధ్య పట్టిన తుప్పు అంటూ నేనేదో రాస్తానని ఎదురుచూడకండి, అలాంటివి పెళ్లి ఉపన్యాసాలకి వదిలేద్దాం. ముందు ట్యాంకు సంగతి.

మూడుసార్లు కార్బరేటర్ కడిగించడం, ఇంటి కప్పు కారుతుంటే నేల తుడుచుకున్నట్టు అయింది. అయినా ట్యాంకే దోషి అని ఖాయం చేసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పాత మెకానిక్కులు చేసేదే. ట్యాంకు పక్కన పెట్టి, ఓ చిన్న సీసాలో శుభ్రమైన పెట్రోలు పోసి, సెలైన్ బాటిల్లా పైన వేలాడదీసి, పైపు కార్బరేటర్‌కి ఇస్తారు. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు వేలాడదీసే పని కాబట్టి ఇది మీ మెకానిక్ చేతే చేయించండి. సీసాతో ఇంజన్ పావుగంట ఆగకుండా తిరిగితే తప్పు ట్యాంకుదే. దీనికన్నా ముందు ఇంకోటి చూడండి. బండి ఆగిపోగానే ట్యాంకు మూత ఒకసారి తెరిచి మూయండి. 'ఫుస్' మని గాలి లోపలికి పీల్చుకుని, తర్వాత బండి స్టార్టయితే మూతలో గాలి కన్నం మూసుకుపోయినట్టు. తుప్పు ట్యాంకుల్లో ఈ రెండు జబ్బులూ కలిసి రావడం మామూలే.

సగం ట్యాంకు పెట్రోలు పోసి ఉంచారు కదా, మరి తుప్పెలా పట్టింది అని మీరు రాశారు. తుప్పు పట్టింది ఆ ఖాళీగా ఉన్న సగం వల్లే. పెట్రోలు మీద ఉన్న ఖాళీలో గాలి, గాలిలో చెమ్మ. పగలు వేడికి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి కొత్త గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ చెమ్మ ట్యాంకు గోడల మీద మంచులా పట్టి, బొట్లుగా జారి అడుక్కి చేరుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అట్టడుగున, సరిగ్గా ట్యాప్ ఉన్నచోటే కూర్చుంటాయి. సముద్రం పక్కన ఆరేళ్లంటే రెండు వేల పైచిలుకు రాత్రులు. దానికితోడు ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ నీటిని తనలోకి లాక్కునే రకం. ఇంకో సంగతి, పాత స్కూటర్లలో ఆయిల్ పెట్రోలులోనే కలిపి పోసేవాళ్లం, ఆ జిడ్డు లోపలి రేకుని కొంత కాపాడేది. ఆర్‌ఎక్స్ 100లో ఆయిల్‌కి వేరే డబ్బా ఉంటుంది, ట్యాంకులోకి వచ్చేది ఒట్టి పెట్రోలే.

ఇక అసలు ప్రశ్న తుప్పు ఎలా వదిలించాలన్నది కాదు. తుప్పు పోయాక రేకు ఎంత మిగులుతుందన్నది. ట్యాప్ చుట్టూ తడి అన్నారు కదా, ఉత్తరంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన మాట అదే. ట్యాప్ వాషరు ఎండిపోయి కారుతుంటే ఫర్వాలేదు, చిన్న ఖర్చు. అలాకాక రేకుకే సూది బెజ్జాలు పడి, వాటిని తుప్పే అడ్డుపడి ఆపుతుంటే, మీరు తుప్పు కడిగిన మరుక్షణం ట్యాంకు జల్లెడ అవుతుంది.

అందుకని సీటు తీసి ట్యాంకు దించండి. పెట్రోలు ఒక డబ్బాలోకి వంపేయండి. ఆ పెట్రోలుని పొయ్యిలోకీ, కాలవలోకీ పోయొద్దు. మెకానిక్‌కి ఇస్తే సామాన్లు కడుక్కుంటాడు. తర్వాత ట్యాంకు బోర్లించి కింది అంచు, ఫ్రేము మీద కూర్చునే ఆ గాడి, ట్యాప్ చుట్టూ బొటనవేలితో గట్టిగా నొక్కుతూ రండి. రంగు పొక్కులు లేచిన చోట మరీ జాగ్రత్తగా చూడండి. స్పూను వెనకవైపుతో కొట్టి వినండి. మంచి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు అట్టముక్కలా మోగుతుంది. తర్వాత సబ్బునీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, పెట్రోలు వాసన పోయాక, చీకటిగదిలో లోపలికి చిన్న ఎల్‌ఈడీ లైటు దించి బయటినుంచి చూడండి. చుక్కల్లా వెలుతురు కనిపిస్తే అవే బెజ్జాలు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఉండేదంతా మండే ఆవిరే. లోపలికి చూద్దామని అగ్గిపుల్లో లైటరో వెలిగించేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.

రేకు గట్టిగా ఉందనుకుందాం. అప్పుడు మీ స్నేహితుడు చెప్పిన యాసిడ్ పనిచేయదా అంటే, చేస్తుంది. మహా బాగా చేస్తుంది, అదే దాంతో చిక్కు. బాత్‌రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడే, దానికి తుప్పు ఎక్కడ అయిపోయిందో, రేకు ఎక్కడ మొదలైందో తేడా తెలీదు. పైగా బుడగలుగా వచ్చే హైడ్రోజన్ మండే గ్యాసు. నా ఇరవై రెండో ఏట నేనూ ఇదే చేశాను. మూడు లీటర్ల యాసిడ్ పోసి, మూత బిగించి, అరుగు మీద పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ట్యాంకు ఖాళీ. యాసిడ్ అడుగు తినేసి, కారి, అరుగు మీద సిమెంటు పొంగించి, మా అమ్మ పెంచిన కనకాంబరాల దాకా పోయింది. ట్యాంకు సంగతి పది రోజుల్లో మర్చిపోయాం, కనకాంబరాల సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. మీ ట్యాంకు మీద ఎనామిల్ అక్షరాలున్నాయి, ఒక్క చుక్క ఒలికినా మచ్చ పడుతుంది. ఈ దారి మీకు వద్దు.

నేనైతే నిమ్మ ఉప్పు వాడతాను. కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ యాసిడే. అమ్మమ్మలు ఇత్తడి బిందెలు చింతపండుతో తోమినట్టే ఇదీ, పులుపు తుప్పుని కరిగిస్తుంది. చింతపండే పోయొచ్చా అని ఎవరైనా అడిగేలోపే చెప్తున్నాను, వద్దు. పిప్పి లోపల ఇరుక్కుంటే మళ్లీ అదో పని.

ముందు ఊడిపోయే తుప్పుని చేత్తోనే రాలగొట్టాలి. మూడు నాలుగు గుప్పెళ్ల చిన్న నట్లు వేసి, కాసిని నీళ్లు పోసి, ట్యాంకుని పాత బొంతలో చుట్టి ఇటూ అటూ తిప్పి ఊపాలి. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టే తీయండి. ఒక్కటి లోపల ఉండిపోతే గుంతలో పడ్డప్పుడల్లా టింగుమని గుర్తుచేస్తుంది. నట్లకన్నా మేలు, మూరెడు పాత సైకిల్ చైను. దాని కొసకు తీగ కట్టి, ఆ తీగ బయటికి ఉంచితే తీయడం తేలిక. ఇది ఒక్కరు చేసే పని కాదు, పది నిమిషాలకే భుజాలు లాగేస్తాయి.

తర్వాత ట్యాప్ విప్పేయండి, దాని లోహం వేరు, పులుపులో నాననివ్వకూడదు. ఆ కన్నం మీద పాత ట్యూబు ముక్క, దాని మీద చిన్న రేకు పలక పెట్టి, ట్యాప్ బోల్టులతోనే బిగించండి. మూత చుట్టూ వాజిలిన్ పూసి, అక్షరాల మీదుగా పాలిథిన్ కవరు కప్పి టేపు వేయండి. టేపు అక్షరాల మీద మాత్రం అంటించొద్దు, ముప్పై ఏళ్ల ఎనామిల్ టేపుతోపాటే లేచొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో లీటరుకి యాభై నుంచి ఎనభై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, నిండుగా పోయండి. మీ ట్యాంకుకి కాస్త అటూఇటూగా పది లీటర్లు పడతాయి. సగం పోస్తే పై సగం తుప్పు అలాగే ఉంటుంది. మూత బిగించకుండా ఊరికే పైన పెట్టండి. ఐదారు గంటలకోసారి చూస్తూ ఉండండి. నీళ్లు పసుపుగా, తర్వాత ముదురు ఆకుపచ్చగా మారతాయి. పన్నెండు గంటల నుంచి ఒక రోజు చాలు. పోకపోతే వంపేసి కొత్త నీళ్లతో ఇంకోసారి చేయండి. అంతేకానీ వారంరోజులు నానబెట్టొద్దు, పులుపు కూడా చివరికి రేకునే తింటుంది.

అందరూ పొరపాటు చేసేది దీని తర్వాతే. కడిగిన రేకు గాలి తగిలితే నిమిషాల్లో మళ్లీ నారింజరంగుకి తిరుగుతుంది. కాబట్టి సామాన్లన్నీ ముందే పక్కన పెట్టుకోండి. పులుపునీళ్లు వంపగానే మంచినీళ్లు, వెంటనే వంటసోడా కలిపిన నీళ్లు, మళ్లీ మంచినీళ్లు. ఆ వెంటనే జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్‌తో వేడిగాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో. పొడిగా అయ్యాకే ఒక పావు లీటరు టూ-టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లకు వాడే ఇంజన్ ఆయిల్) పోసి, అన్ని గోడలకూ తగిలేలా తిప్పండి. ఆ తర్వాతే పెట్రోలు. ఒకసారి పెట్రోలు తగిలిన ట్యాంకులోకి డ్రయర్ పెట్టొద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. వానాకాలంలో ఈ పని మొదలెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కొంచెం ఓపిక పట్టి సంక్రాంతికి చేసుకోండి.

బ్యాటరీ చార్జర్, బట్టల సోడా నీళ్లు పెట్టి కరెంటుతో తుప్పు తీసే పద్ధతి కూడా ఉంది. రేకుని అసలు తినదు కాబట్టి అన్నిటికన్నా సున్నితమైనది. కానీ దాంట్లోనూ హైడ్రోజన్ పుడుతుంది, లోపల పెట్టిన ఇనుప చువ్వ ట్యాంకుకి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. తెలిసినవాళ్లు పక్కనుంటే తప్ప మొదటిసారే దీని జోలికి పోకండి.

ఇప్పుడు రెండో మాట, బెజ్జాలుంటే. వెనకటికి "బిందెలకు మాట్లేస్తాం, కళాయి వేస్తాం" అని వీధివెంట అరుచుకుంటూ వచ్చేవాళ్లు. వాళ్ల పనే ఇక్కడ కావలసింది. లారీ రేడియేటర్లు బాగుచేసేవాళ్ల దగ్గర ఆ చేయి ఇంకా ఉంది. కాకినాడలోనో రాజమండ్రిలోనో వెతకండి, లేదంటే విజయవాడ ఆటోనగర్. తక్కువ వేడితో సీసం, తగరం కలిపిన మాటు వేస్తారు. బెజ్జాలు పడేది కింద, గాడిలో. అక్షరాలున్నది పక్కల. మధ్యలో తడిగుడ్డ వేసి పనిచేస్తే ఆ వేడి పైదాకా రాదు. వెల్డింగ్ అన్నవాడి దగ్గర్నుంచి మాత్రం ట్యాంకు వెనక్కి తెచ్చేసుకోండి. పల్చటి పాత రేకు వెల్డింగ్‌కి ఆగదు, రంగు మొత్తం కాలిపోతుంది, పైగా లోపల ఆవిరి మిగిలిందంటే ట్యాంకు పేలుతుంది. కన్నాలు పూడ్చే ఎంసీల్ ముద్ద ఇంటికి చేరడానికి పనికొస్తుంది, ఏడాది తిరగడానికి కాదు.

వీడియోల్లో చూపించే లోపలి పూత గురించి అడిగారు. రెండు సీసాల ద్రవాలు కలిపి లోపల పోస్తే ప్లాస్టిక్ సంచిలా గట్టిపడుతుంది. మాట్లు ఎక్కువ పడితే అది మంచి తోడే. కానీ మకిలి వదలని బిందెకు కళాయి ఎలా అంటదో, తుప్పో చెమ్మో మిగిలిన ట్యాంకుకి ఇదీ అంటదు. ఏడాది తర్వాత పెచ్చులుగా ఊడి ట్యాప్‌కి అడ్డం పడుతుంది. అప్పుడు దాన్ని తీయడం తుప్పు తీయడంకన్నా పది రెట్లు కష్టం. రేకు గట్టిగా ఉంటే పూత జోలికి వెళ్లకండి. తప్పనిసరైతే ఇథనాల్ పెట్రోలుకి తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి.

ఇక అడుగు మొత్తం అట్టముక్కలా మోగితే మెకానిక్ మాటే నిజం. మీ మెకానిక్‌ని తిట్టుకుంటూ రాశారు కానీ ఆయన చెప్పింది తప్పుడు సలహా కాదు, తొందర సలహా. అప్పుడు వేరే ట్యాంకు కొని బండికి పెట్టండి, పాతది ఇంట్లో భద్రంగా ఉంచండి. తిరగడానికొకటి, చూసుకోవడానికొకటి. బయట దొరికే కొత్త ట్యాంకుల రేకు పల్చన, మూత బిగుతు సరిగ్గా ఉండదు. అసలు కంపెనీ పాతది దొరికితే ధర మండిపోతుంది, కొనేముందు దాని లోపల కూడా టార్చి వేసి చూడండి. ఇంకొకరి తుప్పు కొనుక్కోవడం దేనికి!

అన్నయ్య సంగతికి వద్దాం. ఆయన చెప్పినట్టు పంపితే ఏమవుతుంది? బండి తళతళలాడుతూ వస్తుంది. కొత్త రంగు కింద అక్షరాలుండవు, రంగు వేసేముందు రేకు దాకా గీకేస్తారు. అది వెనక్కి తెచ్చుకోలేని పని. పైకి మెరుపు తెచ్చేవాళ్లంతా లోపల శుభ్రం చేస్తారన్న నమ్మకం లేదు, బాగుచేయించిన బండ్లు నెల తిరక్కుండా అదే ఎర్రపొడితో ఆగిపోవడం చాలా చూశాను. అలాగని అన్నయ్యది తప్పు అననూ లేను. మీ ఉత్తరంలోనే ఒక మాట ఉంది, "అన్నయ్య బండి నేర్చుకుంది దీని మీదే, పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నది కూడా దీని మీదే" అని. ఆయనకు గుర్తున్నది 1994 నాటి మెరుపు. మీకు గుర్తున్నది మాస్టారి చేతిరాత. ఆయన నాన్న బండిని పాడుచేయాలని చూడట్లేదు, తను మొదటిసారి చూసినప్పటిలా చూడాలనుకుంటున్నాడు.

ఎటూ మీరిద్దరూ మాట్లాడుకోక తప్పదు, ఎందుకంటే ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందని రాశారు. దాన్ని వారసుల పేరుకి మార్చుకోవాలంటే రవాణా శాఖకు ఫారం 31 పెట్టాలి. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాలతోపాటు అమ్మగారూ అన్నయ్యా అభ్యంతరం లేదని సంతకం చేయాలి. ఇది ఎప్పుడో జరగాల్సిన పని, చాలా ఆలస్యమైంది. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ సంగతి కూడా చూసుకోవాలి. కాగితాలు లేని బండి మీద రోడ్డెక్కి ఎవరికైనా తగిలిస్తే, అప్పుడు ఏ రంగు వేయించాలన్న గొడవే ఉండదు. ఫోన్ చేయడానికి మీకు సాకు కావాలంటే ఇదే సాకు. రంగు ఊసెత్తకుండా ఆర్‌సీ గురించి అడగండి. సంక్రాంతి పండక్కి వచ్చినప్పుడు ట్యాంకు ఊపడానికి ఇంకో మనిషి కావాలని చెప్పండి. నట్లు లెక్కపెట్టడం ఆయనకు అప్పగించండి. ఫోర్కులు, సైడు రేకులు, రిమ్ములు షోరూమ్ మెరుపు తెప్పిస్తానంటే ఒప్పుకోండి, ట్యాంకు మాత్రం మిగల్చమనండి. ఆయన ఒప్పుకుంటాడో లేదో నేను చెప్పలేను. ఒప్పుకోకపోతే, ముందు చెప్పిన రెండు ట్యాంకుల దారి ఉండనే ఉంది. మెరిసే ట్యాంకు ఆయన డబ్బుతో కొత్తగా కొనొచ్చు.

అంతా అయ్యాక పెట్రోలు పైపు కొత్తది వేయించండి, ఇథనాల్‌కి పాత రబ్బరు పాడవుతుంది. మధ్యలో లోపల కనిపించే చిన్న ఫిల్టరు పెట్టించండి. నెల్లాళ్లు అది తెల్లగానే ఉంటే పని కుదిరినట్టు. వారానికోసారైనా తిరిగితే ట్యాంకు నిండుగా ఉంచండి. నెలల తరబడి ఆపాల్సి వస్తే పూర్తిగా ఖాళీ చేసి, లోపల టూ-టీ ఆయిల్ పట్టించి పెట్టండి. సగం ట్యాంకుతో మాత్రం ఇంకెప్పుడూ పాకలో పెట్టొద్దు.

ట్యాంకు దించడానికి ముందే ఒక పని చేయండి. సన్నటి ట్రేసింగ్ కాగితం అక్షరాల మీద పెట్టి, మెత్తని పెన్సిలుతో రెండు పక్కలవీ గీసుకోండి. ఆ 'మ్మ' ఒత్తు మెలిక సహా. రెండు కాపీలు తీయండి, ఒకటి హైదరాబాద్‌కి పోస్టు చేయండి.